రేడియేటరుకు నాలుగు వేళ్ల కొసరు

మంగళవారం పొద్దున ఏడింటికి కడపలో బట్టల వ్యాపారి వెంకటరమణయ్య వేసుకున్న పథకం ఇది: ఎనిమిదింటికి టిఫిను, తొమ్మిదింటికి కారుకు కొత్త రేడియేటర్ పురమాయించడం, పదింటికి అంగడి. ఇందులో అనుకున్నట్టు జరిగింది టిఫిను ఒక్కటే. అదీ రెండో దోసె దగ్గర ఆగిపోయింది. షెడ్డులోంచి మెకానిక్ జ్ఞానరాజు "సెట్టీ, ఒకతూరి ఇట్ల రా" అని పిలిచాడు.

షెడ్డులో ఉన్నది ముప్పై ఏడేళ్ల అంబాసిడర్. వెంకటరమణయ్య తండ్రి కొన్నది. అందులో మొదట అత్తగారింటికి వచ్చిన పెళ్లికూతురు రాజంపేట పిల్ల సుందరలక్ష్మి, అంటే వెంకటరమణయ్య భార్య. ఆ తర్వాత వీధిలో ఎవరి పెళ్లయినా పిల్లను ఆ కారులోనే పంపడం వాడుకైంది. ఇప్పటికి నలభై ఆరుగురు వెళ్లారు. ఆ కారెక్కిన పిల్ల ఏడుస్తూ పుట్టింటికి తిరిగి రాదని నమ్మకం. ఇద్దరు వచ్చిన మాట నిజమే గానీ, వాళ్లు కారులో ఎడమకాలు ముందు పెట్టారని వీధి పెద్దలు అప్పుడే తేల్చేశారు.

నలభై ఏడో పెళ్లికూతురు వెంకటరమణయ్య తమ్ముడి కూతురు ఉదయశ్రీ. ఆదివారం కడపలో పెళ్లి. అదే మధ్యాహ్నం రాయచోటిలో అత్తగారింటికి వెళ్లాలి. దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కాలి. ఏసీ కారు ఉందని ఎందరు చెప్పినా "నాకు ఆ కారే కావాల పెద్దనాయనా" అంది ఉదయశ్రీ. ఆ మాటకు వెంకటరమణయ్య కళ్లు చెమర్చాయి. కొడుకు రాఘవేంద్రప్రసాద్ కళ్లు మాత్రం షెడ్డు మీదే ఉన్నాయి. ఆన్‌లైన్ ఆర్డర్ల పార్శిళ్లు కట్టుకోవడానికి వాడికి ఆ చోటు కావాలి.

"నాయనా, ఒక మాట అనుకుందాం," అన్నాడు కొడుకు సోమవారం సాయంత్రం. "ఆదివారం ఆ బండి ఘాటెక్కితే నేను మళ్లీ నోరెత్తను. ఎక్కకుంటే సోమవారం పొద్దున పాత ఇనుమోళ్లు వస్తారు. మాట్లాడి పెట్టినా."

"ఎక్కుతాది! ఎక్కకుంటే నేనే తోలిస్తా పో!" అని వెంకటరమణయ్య గల్లా మీద చెయ్యి చరిచాడు. చరిచిన చెయ్యి ఇంకా మంట తగ్గకముందే కారు కింద నీళ్ల మడుగు కనిపించింది.

అందుకే ఈ మంగళవారం పథకం. సోమవారం రాత్రే కడపలో ఉన్న నాలుగు కొట్లూ "అంత పాతది మా దగ్గర లేదప్పా" అని చేతులెత్తేశాయి. ఇక దిక్కు కర్నూలు. అక్కడ శివప్రసాద్ అనే ఆయన కొట్లో దొరకని పాత సామాను లేదని పేరు. వెంకటరమణయ్య ఫోన్ చేసి, పరిచయం చేసుకుని, పెళ్లి సంగతి చెప్పి, వ్యాపారస్తుడి మర్యాద కొద్దీ "నువ్వూ ఆడోళ్లను తీసుకొని రావాల" అని పిలిచి కూడా పెట్టాడు.

"వస్తాలే సెట్టీ. ముందు బండి సంగతి చెప్పు. పెట్రోలా, డీజిలా? కంపెనీ ఇంజనేనా, మార్చినారా? ఆ బండ్లకు నాలుగైదు రకాలు ఉండాయి. రేడియేటర్ నెత్తిన చిన్న రేకు బిళ్ల ఉంటాది, దాని మీద నంబరు చదువు. ఐదు నిమిషాల్లో తేలిపోతాది."

జ్ఞానరాజు పిలిచింది ఆ బిళ్ల చూపించడానికే. బిళ్ల ఉంది. దాని మీద నంబరూ ఉండే ఉంటుంది. కానీ ముప్పై ఏడు దసరాలకు ముప్పై ఏడుసార్లు పసుపు పూసి కుంకుమ పెట్టడం వల్ల అది అప్పచ్చి అంత మందమైంది. వెంకటరమణయ్య తల్లి బతికున్నప్పుడు ఆ బిళ్లే కారుకు ముఖమని నిర్ణయించి బొట్టు పెట్టడం మొదలుపెట్టింది. ఆమె తర్వాత సుందరలక్ష్మి ఒక్క ఏడూ తప్పలేదు.

"స్క్రూడ్రైవరుతో గీకితే నంబరు కనపడతాది," అన్నాడు జ్ఞానరాజు.

సుందరలక్ష్మి వంటింట్లోంచి వచ్చింది. ఆమె గట్టిగా మాట్లాడలేదు. "ఆదివారం పెండ్లి పెట్టుకొని, పెండ్లికూతురు ఎక్కే కారుకు బొట్టు గీకుతారా?" అంది.

జ్ఞానరాజు స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. వెంకటరమణయ్య అటూ ఇటూ చూసి, "పోనీ రేడియేటర్ని ఊడబెరికి బస్సులో కర్నూలుకు పంపుదాం" అన్నాడు. ఈరోజు మంగళవారమని, మంగళ శుక్రవారాల్లో ఇంట్లోంచి వస్తువు బయటికి పోకూడదని సుందరలక్ష్మి గుర్తు చేసింది. ఇక మిగిలింది కొలత. కొలత అనగానే వెంకటరమణయ్యకు ధైర్యం వచ్చింది. నలభై ఏళ్లుగా తన అంగట్లో కొలతలు చూసే గుమాస్తా సుబ్బయ్య ఉండగా కర్నూలు ఎంత, రేడియేటర్ ఎంత!

సుబ్బయ్య మీటరు కడ్డీ చంకన పెట్టుకుని వచ్చాడు. రేడియేటర్‌ను నిలువు కొలిచాడు, అడ్డం కొలిచాడు, మందం కొలిచాడు. అంకెలు చెప్పాడు. వెంకటరమణయ్య ఫోనులో అప్పజెప్పాడు. పన్నెండు గంటలకు అంతా ముగిసింది. ఆ మధ్యాహ్నం వెంకటరమణయ్య కడుపునిండా తిని ఒక కునుకు తీశాడు. ఆ వారంలో అతనికి పట్టిన నిద్ర అదే.

బుధవారం పొద్దున కర్నూలు బస్సులో రేడియేటర్ దిగింది. అప్పటికే జ్ఞానరాజు పాతది ఊడదీసి ఉంచాడు. కొత్తది ఎత్తి పెట్టబోతే పట్టలేదు. వంచి పెట్టినా, తిప్పి పెట్టినా పట్టలేదు. అన్ని వైపులా సమానంగా ఎక్కువైంది.

"ఎంత ఎక్కువ?" అన్నాడు వెంకటరమణయ్య.

జ్ఞానరాజు చేయి పెట్టి చూశాడు. "నాలుగు వేళ్లు."

అందరి చూపూ సుబ్బయ్య మీదికి పోయింది. కడప చుట్టుపక్కల జనం ఆ అంగడికే ఎందుకు వస్తారో అందరికీ తెలుసు. సుబ్బయ్య ఏ గుడ్డ చింపినా కొలత అయిపోయాక నాలుగు వేళ్లు వదిలి చింపుతాడు. ఆ కొసరే అంగడి పేరు.

"అయ్యా," అన్నాడు సుబ్బయ్య నేల చూస్తూ. "నేను ఇయ్యల్ల అనుకొని ఇయ్యలే. చెయ్యే ఇచ్చేసింది."

వెంకటరమణయ్యకు కోపం రాలేదు, భయం వేసింది. ఇంక మూడు రోజులే ఉన్నాయి. ముందు గది నుంచి వెనక గదికి, వెనక గది నుంచి షెడ్డుకు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. తిరిగి తిరిగి కర్నూలుకు ఫోన్ చేసి, "అన్నిట్లో నాలుగు వేళ్లు తగ్గించి పంపప్పా" అని చెప్పాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ గురువారంతో ముగిసేది.

కానీ సుబ్బయ్యకు అన్నం సహించలేదు. యజమాని నోటితో చెప్పించడం ఎందుకు, తప్పు తనదే కదా అని బజారు చివర నుంచి తనే కర్నూలుకు ఫోన్ చేసి, "సెట్టిగారి రేడియేటర్, నాలుగు వేళ్లు తగ్గించు నాయనా" అన్నాడు. సుందరలక్ష్మి మొగుడు మజ్జిగ కూడా తాగకుండా తిరగడం చూడలేకపోయింది. ఈయన హడావిడిలో ఫోన్ చేశాడో లేదో అని పక్కింటి ఫోను తీసుకుని, "అన్నా, ఆ రేడియేటరుకు నాలుగు వేళ్లు తగ్గించన్నా" అంది. ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకోలేదు. ప్రేమ ఉన్న ఇళ్లల్లో ఇట్లాంటివి జరుగుతాయి.

గురువారం వచ్చిన రేడియేటర్‌ను వెంకటరమణయ్య ఒక్క చేత్తో ఎత్తాడు.

"ఇది కారుకు గాదు సెట్టీ," అన్నాడు జ్ఞానరాజు దాన్ని అరచేతిలో పెట్టి తూచినట్టు ఊపుతూ. "నీళ్ల మోటరుకు సరిపోతాది."

అప్పుడే షెడ్డు దగ్గరికి వచ్చిన రాఘవేంద్రప్రసాద్ పెద్దదాన్ని చూశాడు, చిన్నదాన్ని చూశాడు, ముందు పళ్లు ఊడినట్టున్న కారును చూశాడు. "బాగుంది నాయనా. బండికి సంసారం వచ్చింది," అని అంగడికి వెళ్లిపోయాడు. వెంకటరమణయ్య కర్నూలుకు ఫోన్ చేసి కేకలు వేశాడు.

శివప్రసాద్ కూడా మనిషే. "ఏంది సెట్టీ అరుస్తాండావు? నువ్వు తగ్గించమంటివి, తగ్గించినా. ఎవరో పెద్దాయన తగ్గించమనె, తగ్గించినా. ఎవరో ఆడబిడ్డ అన్నా అని పిలిచి తగ్గించమనె, మళ్లా తగ్గించినా. ఇంగొకరు చేసింటే అగ్గిపెట్టంత అయ్యేది! నోటి కొలతలు ఇంగ వద్దు సామీ. దుడ్ల మాట తర్వాత, ముందు ఆ పాత రేడియేటరే నా కొట్టుకు పంపు. సూసి దానికి జోడీ ఇస్తా." ఆ తర్వాత అతడు వాళ్ల నంబర్లు కనిపిస్తే ఫోన్ ఎత్తడం మానేశాడు.

పాతది పంపడానికి గురువారం సాయంత్రం దాకా మంచి సమయమే. కానీ అది విడిగా లేదు. పెళ్లి ఇంట్లో కారు నోరు తెరుచుకుని ఉండకూడదని సుందరలక్ష్మి చెప్పడంతో జ్ఞానరాజు దాన్ని మళ్లీ కారులో బిగించి, ప్రొద్దుటూరులో వేరే పనికి వెళ్లిపోయాడు. శుక్రవారం పొద్దున వచ్చి ఊడదీశాడు. ఊడదీసిన తర్వాత అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది, అది శుక్రవారమని.

"ఇది ఇనుమేం కాదే, ఇత్తడి," అన్నాడు వెంకటరమణయ్య బతిమాలుతూ.

"ఇత్తడి అయితే మరీ లక్ష్మి," అంది సుందరలక్ష్మి.

"నీ మొక్కులు నా ప్రాణం తీస్తాండాయి గదే! ఎల్లుండి బండి ఎక్కకుంటే పాత ఇనుమోళ్లు వస్తారు. మా నాయన కొన్న కారు. నువ్వు వచ్చిన కారు." సుందరలక్ష్మి కొంగుతో ముఖం ఒత్తుకుంది. ఆమెకు మాత్రం ఆ కారు మీద ప్రేమ లేదా? నలభై ఆరుగురిలో అందరి కంటే ముందు ఆ వెనక సీట్లో తల వంచుకుని కూర్చుని వచ్చింది ఆమే కదా.

"వస్తువు పోగూడదు గానీ గుడ్డ పోవచ్చు," అంది చివరికి. "అంగట్లోంచి శుక్రవారం గుడ్డ పోవడంలా? అది యాపారం."

ఈ మాటతో ఇల్లంతా లేచి కూర్చుంది: రేడియేటర్ కొలతకే గుడ్డ కోసి పంపితే సరి. సుబ్బయ్య అంగట్లోంచి గుడ్డ తెచ్చాడు. తెల్లది తెస్తే పెళ్లి ఇంటి నుంచి తెల్లగుడ్డ పంపుతారా అని సుందరలక్ష్మి వెనక్కి పంపింది. ఎర్రది తెచ్చాడు. రేడియేటర్‌ను ముందూ వెనకా మందంతో సహా చుట్టి, మడతలు గోటితో నొక్కి, కత్తెర పట్టాడు.

"కొసరు?" అన్నాడు వెంకటరమణయ్య.

"ఇయ్యను. ఆ బొట్టు మీద ఒట్టు."

గీత మీదే కత్తిరించాడు. నలభై ఏళ్లలో ముసలాయన కొసరు లేకుండా గుడ్డ కోయడం అదే మొదటిసారి. కొత్త గుడ్డ ఇల్లు దాటుతోందని సుందరలక్ష్మి నాలుగు మూలలా పసుపు అద్దింది. ఒక చీటీ రాసి పెట్టమన్నాడు వెంకటరమణయ్య. "గుడ్డే చెప్తాది గదయ్యా, మళ్లా చీటీ ఎందుకు," అని సుబ్బయ్య పార్శిల్ మీద యజమాని పేరు మాత్రం రాసి బస్సుకు ఇచ్చాడు. శివప్రసాద్‌కు ఫోన్ చేసి చెబుదామంటే అతను ఎత్తలేదు.

శనివారం పెళ్లిపనులు ఒకవైపు, బస్సులు ఒకవైపు. పొద్దున బస్సు వచ్చింది, రేడియేటర్ రాలేదు. పదకొండు గంటల బస్సూ అంతే. శనివారం ఇనుము ఇంటికి తేవచ్చా అని ఎవరో గొణిగితే, ముందు రానివ్వండి, తర్వాత చూద్దాం అని వెంకటరమణయ్య కసిరాడు. మూడు గంటల బస్సు టాపు మీద కూడా వెతికించాడు. పందిరి వేసేవాళ్లు ఏదో అడిగితే "కర్నూలు నుంచి రాలేదు" అని జవాబిచ్చాడు. సాయంత్రం ఐదింటికి ఉదయశ్రీ గోరింటాకు చేత్తోనే తన ఫోను అందించి, "నా నంబరు ఆయనకు తెలీదు పెద్దనాయనా, దీంతో చెయ్యి" అంది.

శివప్రసాద్ వెంటనే ఎత్తాడు. వెంకటరమణయ్య గొంతు విని మెత్తబడ్డాడు. "సెట్టీ, నేను నిన్ను కేకలేస్తి. నువ్వు మనసులో పెట్టుకోలా. పెద్ద మనిషివి."

"అది ముట్టిందా?"

"ముట్టింది. మా లక్ష్మీప్రియ శానా సంతోషపడింది. ముఖం తెలీని మాకు పెండ్లికి పిలిచి, రవిక గుడ్డ పెట్టి, మూలలకు పసుపు గూడా అద్ది పంపితిరే! ఇట్లాంటి మర్యాద ఇప్పుడు యాడుండాది? రేపు తప్పక వస్తాండాం. ఆ రవిక కుట్టించుకొని గూడా పెట్టుకుంది."

"కుట్టించిందా?"

"నిన్న సాయంత్రమే. రొంత బిగుతు అనింది. కొసరు లేదంట."

వెంకటరమణయ్య ఫోను ఉదయశ్రీకి ఇచ్చి, షెడ్డులోకి వెళ్లి, పెద్ద రేడియేటర్ మీద కూర్చున్నాడు. రేడియేటర్ కొలత కర్నూలులో ఒక ఇల్లాలి ఒంటి మీద ఉంది. ఇంకేం మిగల్లేదనిపించింది. తండ్రి గుర్తొచ్చాడు. సోమవారం పాత ఇనుమువాళ్లు ఏ వైపు నుంచి విరుస్తారో అని కూడా ఆలోచన వచ్చింది. ఆ ముఖం చూడలేక జ్ఞానరాజు నెమ్మదిగా దగ్గరికి వచ్చాడు.

"సెట్టీ, పాతదే పెట్టేస్తా. తూటు సూది బెజ్జమంతే. పసుపేస్తే మూసుకుంటాది. ఘాట్ మీద లారీవోళ్లు అదే చేస్తారు."

వెంకటరమణయ్య మెల్లగా తలెత్తాడు. "ఈ మాట మంగళవారం చెప్పకపోతివా?"

"కొత్తది కొంటాం అంటిరి. కొంటానంటే నేను వద్దంటానా?"

కొట్టాలో, కావిలించుకోవాలో వెంకటరమణయ్యకు తెలియలేదు. పెళ్లి ఇంట్లో పసుపుకేం కరువు! రెండు చెంచాలు చాలన్నాడు జ్ఞానరాజు. అతడు నీళ్లు తేవడానికి వెళ్లినప్పుడు సుందరలక్ష్మి శుభానికి చెంచాలతో వేస్తారా అని దోసిలి నిండా వేసింది. ఆమె పక్కకు తిరగ్గానే సుబ్బయ్య నాలుగు వేళ్లతో పట్టినంత కొసరు వేశాడు. మూడు రోజులుగా ఆగిన చెయ్యి మరి.

ఆదివారం పెళ్లి జరిగింది. ఎర్ర రవికలో శివప్రసాద్ భార్య లక్ష్మీప్రియ చేతులు పైకెత్తలేక అక్షింతలు మోచేతి దగ్గరి నుంచే వేసింది. మధ్యాహ్నం కారు బయల్దేరింది. జ్ఞానరాజు నడిపాడు. పక్కన వెంకటరమణయ్య, ఒళ్లో నీళ్ల బిందె. వెనక ఉదయశ్రీ, పెళ్లికొడుకు శివశంకర్, అతని నాయనమ్మ ఓబులమ్మ. వాళ్ల వెనకే తెల్ల ఏసీ కారులో రాఘవేంద్రప్రసాద్ తోలుతూ, గువ్వలచెరువు పాలకోవా కొనుక్కుంటామని శివప్రసాద్ దంపతులు, కొసరు ఏమైందో చూడాలని సుబ్బయ్య.

ఘాట్ మొదలైంది. ఎండకు రోడ్డు మెరుస్తోంది. మొదటి మలుపులో వేడి చూపే ముల్లు కదిలింది, మూడో మలుపులో సగం దాటింది. వెంకటరమణయ్య ఆ ముల్లు తప్ప ఇంకేం చూడలేదు. లారీ ఒకటి దాటిపోయింది, ఆటో దాటిపోయింది, ఆటోలో మేకలు కూడా తిరిగి చూశాయి. "ఏమప్పా, చెమటలు పోస్తాండాయే?" అని ఓబులమ్మ అడిగింది. "పిల్లను పంపుతాండాం గదమ్మా," అన్నాడు. అది కూడా నిజమే. ముల్లు ఎర్రగీత తాకింది. తాకి అక్కడే నిలిచింది. అంబాసిడర్ మూలుగుతూ, దగ్గుతూ, ఎక్కడా ఆగకుండా గువ్వలచెరువు చేరింది.

వెంకటరమణయ్య కిందికి దిగి బానెట్ మీద చెయ్యి పెట్టి, కాలినా తియ్యలేదు. "ఎక్కిందా లేదా?" అన్నాడు వెనకాలే వచ్చి ఆగిన కొడుకుతో.

"ఎక్కింది నాయనా," అన్నాడు రాఘవేంద్రప్రసాద్. ఒప్పుకోక తప్పలేదు.

కాసేపు చల్లారనిచ్చి, అందరినీ దూరం జరగమని, జ్ఞానరాజు తడిగోనె కప్పి కట్టెతో రేడియేటర్ మూత వదులు చేశాడు. దోసెడు పసుపూ, కొసరూ లోపల ఎదురుచూస్తున్నాయి. మూత ఎగిరింది. పచ్చని ధార తాటిచెట్టంత లేచి, లోయగాలికి విరిగి, చల్లారి, తుంపరగా దిగింది. ఉదయశ్రీ పట్టుచీర మీద పడింది, శివశంకర్ తెల్ల పంచె మీద పడింది, ఏసీ కారు మీద పడింది, దాని పక్కన నిలబడ్డ రాఘవేంద్రప్రసాద్ చొక్కా మీద మరీ ఎక్కువ పడింది.

పాలకోవా కొట్ల దగ్గర జనం గుమిగూడారు. వెంకటరమణయ్య కళ్లు మూసుకున్నాడు. మగపెళ్లివారి ముందు పరువు పోయింది. కారు గెలిచి తాను ఓడాడు. ఓబులమ్మ చెంప మీద పడ్డ చుక్కను వేలితో తీసి వాసన చూసింది.

"పసుపు," అంది. ఇంకోసారి చూసింది. "పసుపు నీళ్లే! వసంతాలు ఇంటికి పోయినాక చల్లుతారు గానీ, కారే చల్లడం నా ఎనభై ఏండ్లల్లో యాడా చూళ్లేదప్పా! ఒరే శివా, నిలబడి చూస్తాండావే, పిల్ల మీద చల్లు!"

శివశంకర్ బిందె అందుకున్నాడు. ఉదయశ్రీ నవ్వుతూ తల వంచుకుంది. నలభై ఏడో పిల్ల ఏడవలేదు. ఓబులమ్మ వెంకటరమణయ్య చెయ్యి పట్టుకుంది. "మాఘమాసంలో మా చిన్నోడి పెండ్లి. ఈ కారే పంపాల. ఇదే పసుపు చల్లాల. నువ్వు ఇప్పుడే మాట ఇయ్యి." రాఘవేంద్రప్రసాద్ ముఖం తుడుచుకుంటూ పక్కకు వెళ్లి, పాత ఇనుమువాళ్లకు రావద్దని ఫోన్ చేశాడు.

అప్పుడే శివప్రసాద్ బానెట్ కిందికి తొంగి చూసి నెత్తి కొట్టుకున్నాడు. వేడికీ పసుపు నీళ్లకూ ముప్పై ఏడేళ్ల పెచ్చు దానంతటదే ఊడిపోయి, బిళ్ల మీద నంబరు అద్దంలా మెరుస్తోంది. "ఇదా సెట్టీ! ఇది నా కొట్లో గుమ్మం పక్కనే ఉండాది. పదేండ్ల నుంచి దాని మీద మా లక్ష్మీప్రియ నీళ్ల కుండ పెడతాండాది. రేపే పంపిస్తా."

సోమవారం పొద్దున వెంకటరమణయ్య కర్నూలుకు ఫోన్ చేసి అక్కర్లేదని చెప్పి, కడప మార్కెట్‌కు వెళ్లి, బస్తా పసుపు కొంటే కొసరు ఎంత వేస్తారని అడిగాడు.